కరీబియన్ నీళ్లలో కెమెరా: బొనేర్‌లో మొదటి రోజు నేను వినే అపోహలు

నేను వైజాగ్‌లో పుట్టి పెరిగాను. ఇప్పుడు హ్యూస్టన్‌లో ఉంటున్నాను. ఏటా రెండుసార్లు బొనేర్ వెళ్లి, డైవింగ్ వచ్చినవాళ్లకు నీటి అడుగున ఫొటోలు తీయడం నేర్పుతాను. వెనిజులా తీరానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, నెదర్లాండ్స్ ఏలుబడిలో ఉన్న చిన్న దీవి అది. అక్కడ చాలా డైవ్‌లకు పడవతో పని లేదు. రోడ్డు పక్కన పసుపు రాళ్ల మీద రాసిన పేరు చూసి పికప్ ట్రక్కు ఆపుకోవడం, ట్యాంకు వీపుకు తగిలించుకుని ఒడ్డు నుంచి నడుచుకుంటూ దిగిపోవడం, అంతే. పైన పడవ ఎదురుచూడదు కాబట్టి ఒకే పగడం ముందు ముప్పావు గంట గడపొచ్చు. అమెరికాలో ఉంటున్న మనవాళ్లూ నా దగ్గరకు వస్తుంటారు. మొదటి రోజు వాళ్లు అనే మాటలు ఇంచుమించు ఇవే.

అపోహ: నీళ్లు ఇంత తేటగా ఉన్నాయి, దూరం నుంచైనా తీయొచ్చు

అన్నిటికన్నా ఎక్కువ ఫొటోలను పాడుచేసే నమ్మకం ఇదే. బొనేర్‌లో మంచి రోజున 30 మీటర్ల దాకా కనిపిస్తుంది. చాపిన చేతి వేళ్లు కూడా సరిగ్గా కనపడని మా వైజాగ్ నీళ్లలో దిగిన నాకు, మొదటిసారి ఇక్కడ తల ముంచగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ కంటికి కనిపించినదంతా కెమెరాకు అందదు.

నీరు రంగుల్ని ఒక్కొక్కటిగా మింగేస్తుంది. మొదట పోయేది ఎరుపు. 5 మీటర్లకే చాలావరకు పోతుంది. తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. 15 మీటర్ల లోతులో నెత్తురులాంటి ఎర్ర స్పాంజ్ కూడా మట్టి ముద్దలా కనిపిస్తుంది. మన మెదడు కొంత సర్దుకుని లేని రంగును ఊహించుకుంటుంది. కెమెరాకు ఆ ఊహ లేదు, అందుకే ఇంటికెళ్లి చూస్తే అంతా నీలమే.

లోతుతోనే రంగు పోతుందని అందరికీ తెలుసు. దూరంతో కూడా పోతుందన్నది మాత్రం మరిచిపోతారు. తాబేలు 2 మీటర్ల దూరంలో ఉంటే స్ట్రోబ్ (నీటి అడుగున వాడే ఫ్లాష్ లైటు) వెలుగు అక్కడిదాకా వెళ్లి, లెన్స్ దాకా తిరిగి రావాలి. అంటే 4 మీటర్ల నీరు. అర మీటరులో ఉంటే మొత్తం ఒక్క మీటరే. అదే తాబేలు, అదే కెమెరా, కానీ రెండో ఫొటోలో డిప్ప మీది గోధుమ, పసుపు గీతలన్నీ ఉంటాయి. జూమ్ చేస్తే మధ్యలో ఉన్న నీరు తగ్గదు. అందుకే వైడ్ లెన్స్ పెట్టుకుని దగ్గరకు వెళ్లమంటాను.

ఇంకో చిక్కుంది. మాస్క్ అద్దంలోంచి చూస్తే ప్రతిదీ అసలు దూరంలో ముప్పావు వంతులోనే ఉన్నట్టు అనిపిస్తుంది, నీటి వక్రీభవన గుణకం 1.33 కాబట్టి. మీరు మీటరు అనుకున్నది నిజానికి మీటరుం పావు దాటి ఉంటుంది. దగ్గరకు వచ్చేశానని అనిపించాక ఇంకో జానెడు ముందుకు వెళ్లాలి.

నీళ్లు తేటగా ఉన్నా అందులో నలుసులుంటాయి. పొగమంచులో అరకు ఘాట్ రోడ్డు ఎక్కుతూ హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడ లేస్తుంది కదా, లెన్స్ పక్కనే పెట్టిన స్ట్రోబ్ చేసేదీ అదే. మేం బ్యాక్‌స్కాటర్ అంటాం. స్ట్రోబ్ చేతుల్ని రెండు పక్కలకూ వెడల్పుగా చాపి, వాటి ముఖాల్ని కొంచెం బయటికి తిప్పండి. లెన్స్‌కూ చేపకూ మధ్యనున్న నలుసుల మీద వెలుగు పడకూడదు. ఎంత దగ్గరకు వెళితే ఆ నలుసులూ అంత తగ్గుతాయి.

అపోహ: రంగులు తర్వాత ఎడిటింగ్‌లో తెచ్చుకోవచ్చు

కొంతవరకు నిజం. సెన్సర్ పట్టినదంతా ఉంచే రా ఫైల్‌లో తీస్తే వైట్ బ్యాలెన్స్ (రంగుల తూకం) మార్చుకునే వీలు చాలా ఉంటుంది, కాబట్టి జేపెగ్ మాత్రమే తీయకండి. కానీ సెన్సర్ మీద అసలు పడని ఎరుపును ఏ సాఫ్ట్‌వేరూ తీసుకురాలేదు. బలవంతంగా లాగితే చీకటి భాగాల్లో గులాబీ రంగు చుక్కలు లేస్తాయి. ఎర్ర ఫిల్టర్ ఎండ వెలుగులో, తక్కువ లోతులో, ముఖ్యంగా వీడియోకు పనికొస్తుంది. స్ట్రోబ్‌తో కలిపి వాడితే ఫొటో అంతా ఎర్రబారిపోతుంది.

అపోహ: నా ఫోన్ వాటర్‌ప్రూఫే

ఈమధ్య ఐఫోన్లు చాలావాటికి చెప్పే లెక్క 6 మీటర్లు, 30 నిమిషాలు. అది కూడా ప్రయోగశాలలో, కదలని మంచినీళ్లలో. 18 మీటర్లకు దిగేసరికి ఒంటి మీద, ఫోన్ మీద ఉండే ఒత్తిడి ఒడ్డు మీదకంటే 2.8 రెట్లు. ఆపైన ఉప్పు. డైవింగ్ కోసం చేసిన హౌసింగ్ (నీరు చొరని పెట్టె) లేకుండా ఫోన్‌ను దింపకండి. గోప్రో మామూలుగా 10 మీటర్ల వరకే, దాని హౌసింగ్‌లో పెడితే 60.

అపోహ: ఓ-రింగ్‌కు గ్రీజు ఎంత పూస్తే అంత భద్రం

హౌసింగ్ మూత అంచున ఉండే రబ్బరు రింగే ఓ-రింగ్. నీటిని ఆపేది గ్రీజు కాదు, రెండు ముఖాల మధ్య నలిగి బిగుసుకునే ఆ రబ్బరు. గ్రీజు పని ఆ రబ్బరు ఆరిపోకుండా, మెలిపడకుండా చూడటమే. వేళ్ల మధ్య లాగితే రింగు తళుక్కుమనాలి, జిడ్డు ముద్దలు కనిపించకూడదు. ఎక్కువ పూస్తే ఇసుక, నూలు పోగులు దానికే అంటుకుంటాయి.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి. చాలా ఏళ్ల క్రితం తువ్వాలు నుంచి ఊడిన పోగు ఒకటి రింగు మీద పడింది. హౌసింగ్ మూసేటప్పుడు చూడలేదు. 12 మీటర్ల దగ్గర పోర్ట్ (లెన్స్ ముందుండే అద్దపు భాగం) అడుగున గోరంత నీరు కనిపించింది. ఆ క్షణంలో మనసంతా పైకి పరిగెత్తమంటుంది. పరిగెత్తకండి. వేగంగా పైకి లేస్తే, అందులోనూ ఊపిరి బిగబట్టి లేస్తే, ఊపిరితిత్తులే చిట్లొచ్చు. పోర్ట్‌ను కిందికి తిప్పి, నీరు కెమెరా బాడీ వైపు పోకుండా పట్టుకుని, మామూలు వేగంతోనే లేచాను. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాను కూడా. కెమెరా దక్కలేదు. మళ్లీ అదే జరిగినా అలాగే లేస్తాను.

అప్పటినుంచి హౌసింగ్‌ను ముందు రాత్రే, తొందర లేనప్పుడు, ఏసీ గదిలో మూస్తాను. ఏసీ గాలిలో తేమ తక్కువ, కాబట్టి లోపల అద్దం మీద ఆవిరి పట్టదు. ఉక్కపోతలో ట్రక్కు వెనక నిలబడి మూస్తే ఆ తడి గాలే లోపల ఇరుక్కుంటుంది, చల్లటి నీళ్లు తగలగానే పోర్ట్ మసకబారుతుంది.

అపోహ: డైవింగ్ కార్డు వచ్చింది, ఇక కెమెరా పట్టుకోవచ్చు

ఈ విషయంలో నేను మొహమాటపడను. నీళ్లలో ఒకేచోట, చేతులు ఆడించకుండా, రెండు నిమిషాలు నిలబడటం రానివాళ్లకు నేను కెమెరా ఇవ్వను. బాయన్సీ (మునగకుండా, తేలకుండా నిలకడగా ఉండటం) కుదరనివాళ్లు ఫొటో కోసం ముందుకు వంగితే కాళ్లు కిందికి జారతాయి. వెనక ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు) ఏం తన్నుతున్నాయో వాళ్లకు తెలియదు. బ్రెయిన్ కోరల్ ఏడాదికి పెరిగేది కొన్ని మిల్లీమీటర్లే. మీ ముందు బుట్టంత ఉన్న పగడం మీ తాతగారి కన్నా పెద్దది కావచ్చు. దాన్ని ఒక్క ఫిన్ దెబ్బ గీరేస్తుంది. ఉత్తరం వైపు ఒక డైవ్ సైట్‌లో అలాంటి గీత ఒకటి నాకు తెలుసు. వెళ్లిన ప్రతిసారీ చూస్తాను. ఇప్పటికీ పూర్తిగా మానలేదు.

బొనేర్ తీరమంతా 60 మీటర్ల లోతు దాకా మెరైన్ పార్క్, 1979 నుంచి. ముందు రుసుము కట్టాలి, నియమాలు వినాలి, మొదటగా ఒక చెకౌట్ డైవ్ (సరిచూసుకునే డైవ్) చేయాలి. గ్లౌజులు వేసుకోనివ్వరు. చేతికి తొడుగుంటే మనిషి దేన్నైనా పట్టుకుంటాడని వాళ్లకు తెలుసు. ఆ నియమాలతో విసిగిపోయేవాళ్లకు నేను చెప్పేదొకటే: 2023లో పగడాల కణజాలాన్ని కరిగించే జబ్బు ఈ దీవినీ తాకింది, అదే ఏడాది నుంచి వేడెక్కిన నీళ్లు పగడాల్ని తెల్లబార్చాయి. మిగిలినవాటికి మన మోకాళ్ల దెబ్బలు కూడా ఎందుకు?

కెమెరాలో మునిగితే లోతు, గాలి రెండూ మరిచిపోతాం. ఫ్రాగ్‌ఫిష్ అనే చేప దొరికిందని దాని వెంట వాలు మీదుగా జారుతూ 30 మీటర్లకు చేరినవాళ్లను వెనక్కి లాక్కొచ్చాను. డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ పట్టిక ప్రకారం మొదటి డైవ్‌లో ఆ లోతులో ఉండగలిగేది 20 నిమిషాలే. ప్రతి మూడు ఫొటోలకోసారి గేజ్ చూడండి. షటర్ నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, నెమ్మదిగా వదులుతూ నొక్కండి.

అపోహ: ఫ్లాష్ కొడితే చేపల కళ్లు పోతాయి

ఈ భయం వెనక మంచి మనసుంది, కాబట్టి తేలిగ్గా తీసేయను. 2019లో సీహార్స్‌లు, ఫ్రాగ్‌ఫిష్‌లాంటి నెమ్మదైన చేపల మీద చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. మనిషి పక్కన ఉండటం వల్ల కలిగే ఇబ్బంది కంటే ఫ్లాష్ వల్ల అదనంగా పెద్ద హాని కనిపించలేదు. చేత్తో కదిలించడం, ఫొటో కోసం తిప్పి పెట్టడమే వాటిని అన్నిటికన్నా ఎక్కువ బెదరగొట్టింది. కాబట్టి సీహార్స్ ముఖం తిప్పుకుంటే అది తిరిగేదాకా ఆగండి. తిరగకపోతే వదిలేయండి.

అసలు జాగ్రత్త పడాల్సింది రాత్రి టార్చ్ విషయంలో. బొనేర్‌లో రాత్రిపూట టార్పన్‌లు, మనిషంత పొడవు వెండి చేపలు, డైవర్ల వెంటే ఈదుతాయి. మీ వెలుగు ఏ చిన్న చేప మీద నిలిస్తే దాన్ని మింగేస్తాయి. నిద్రపోతున్న చేప మీద టార్చ్ ఆపకండి.

అపోహ: లోతుకు వెళ్లేకొద్దీ మంచి ఫొటో

హిల్మా హూకర్ అనే 72 మీటర్ల ఓడ 1984 సెప్టెంబరులో ఇక్కడ మునిగి, సుమారు 30 మీటర్ల లోతులో పక్కకు ఒరిగి పడుంది. తప్పక చూడండి. కానీ అంత పెద్ద ఓడను ఏ స్ట్రోబూ వెలిగించలేదు. స్ట్రోబ్ ఆపేసి, పైనుంచి పడే వెలుగుతో, బ్లాక్ అండ్ వైట్ దృష్టితో తీయండి. నా దగ్గరున్న మంచి ఫొటోల్లో ఎక్కువ భాగం మాత్రం సాల్ట్ పియర్ (ఉప్పును ఓడలకెక్కించే రేవు) స్తంభాల మధ్య, 10 మీటర్లు కూడా దాటని నీళ్లలో తీసినవే. అక్కడ ఎండ వాలుగా పడుతుంది, స్తంభాల నిండా నారింజ, పసుపు స్పాంజ్‌లు, ట్యాంకులో గాలి గంటకు పైగా వస్తుంది. ఓడ సరుకు ఎక్కిస్తుంటే మాత్రం దిగనివ్వరు, ముందే కనుక్కోండి.

చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉంచుకోండి. వరుసగా డైవ్‌లు చేసినవాళ్లకు చెప్పే లెక్క అది. ఆ సమయంలో హౌసింగ్‌ను మూసే ఉంచి మంచినీళ్లలో నానబెట్టి, ప్రతి బటనూ నీళ్లలోనే పదేసి సార్లు నొక్కండి. ఉప్పు స్ప్రింగుల్లో ఆరి గట్టిపడితే వదలదు. లిథియం బ్యాటరీలు చేతి సంచిలోకి వెళ్లాలి. ఓ-రింగ్ తీసి జిప్ కవర్లో పెట్టుకోండి.