సముద్రం దాటని వంటలు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ అన్నయ్య పైచదువుకు టెక్సాస్ వెళ్ళినప్పటి నుంచి మన ఇంట్లో ఒక మాట తరచుగా వినిపిస్తోంది. అమెరికావాళ్ళకు వంట రాదనీ, బర్గర్లూ పిజ్జాలూ తిని కాలం గడుపుతారనీ, వాడు అక్కడ ఏం తిని బతుకుతున్నాడో పాపమనీ మీరు అనుకుంటున్నారు. వాడి మీద మీకున్న బెంగ నాకు అర్థమవుతుంది. కానీ ఆ దేశపు తిండి గురించి మీరు ఇచ్చిన తీర్పు న్యాయమైనది కాదు.

ఒక దేశం నుంచి సముద్రం దాటి మన ఊరి దాకా రాగలిగేవి చాలావరకు కంపెనీలు అమ్మే పదార్థాలే. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు 1948లో తమ హోటలును మార్చి, తలా ఒక పని చేస్తూ బర్గరును క్షణాల్లో అందించే పద్ధతి పెట్టారు. వండేవారి చేతినేర్పుతో పని లేకుండా ఎక్కడైనా ఒకే రుచి వచ్చే ఏర్పాటు కాబట్టే అది 1996లో ఢిల్లీకి కూడా రాగలిగింది. ఇంట్లో అమ్మమ్మలు వండేవి అలా ప్రయాణం చేయవు. అమెరికాలో చాలామంది మన తిండి అంటే నాన్, బటర్ చికెన్ అనుకుంటారు. మన ఇంట్లో నాన్ కాల్చే తందూరును మీరు ఎన్నడైనా చూశారా? వారి ఇళ్ళలోకి తొంగిచూడకుండా మనం చేస్తున్న పొరపాటు కూడా అలాంటిదే.

లూసియానా రాష్ట్రంలో గంబో అనే వంటకం ఉంది. పిండిని నూనెలో వేసి, ముదురు రంగు వచ్చేదాకా సన్నని సెగ మీద ఓపికగా కలుపుతూ వేయించడం అందులో ఫ్రెంచివారి వంతు. చిక్కదనం కోసం వేసే బెండకాయలు బానిసలుగా తేబడిన ఆఫ్రికా ప్రజల వంతు. కొందరు చివరిలో చల్లే ససాఫ్రాస్ అనే చెట్టు ఆకుల పొడి చాక్టా ఆదివాసులు నేర్పినది. అందులో రొయ్యలో కోడిమాంసమో వేసి, వేడి అన్నంతో కలిపి తింటారు. బెండకాయ పులుసు ఇష్టపడే మీరు దానిని పరాయి వంట అనలేరు. దక్షిణ కరోలినాలో అలసందలనూ బియ్యాన్నీ పందిమాంసంతో కలిపి వండే హాపిన్ జాన్‌ను జనవరి 1న శుభమని తింటారు. ఆ తీరంలో వరిపొలాలను తయారుచేసినది పశ్చిమ ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన మనుషులే. వరి సాగులో వారికున్న నేర్పుతో యజమానులు ధనవంతులయ్యారు, వారు మాత్రం బానిసలుగానే ఉండిపోయారు. ఆ వంటలను తలచినప్పుడు ఈ సంగతిని మరవకూడదు. వర్మాంట్ రాష్ట్రంలో చలికాలం చివర మేపుల్ చెట్ల రసాన్ని కాచి పాకం తీస్తారు. సుమారు 40 గ్యాలన్ల రసం కాస్తే ఒక గ్యాలను పాకం వస్తుంది. ఇంత శ్రమపడే వారికి తిండి మీద శ్రద్ధ లేదనగలమా?

ఇక అన్నయ్య బెంగ సంగతి. ఇండియన్ దుకాణాల్లో బియ్యం, కందిపప్పు, ఆవకాయ సీసాలు దొరుకుతాయి. వాడు తపించేది పచ్చి కరివేపాకు కోసం, లేత గోంగూర కోసం. కరివేపాకు మొక్కల మీద బతికే ఒక చిన్న పురుగు నారింజ చెట్లను పాడుచేసే తెగులును మోసుకెళుతుంది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడి తోటలను నాశనం చేసింది. కాబట్టి విమానాశ్రయంలో కరివేపాకును తీసేసుకునే అధికారిని తిట్టుకోవద్దని వాడికి చెప్పాను. మన మామిడిపండ్లకు కూడా 2007లోనే, కిరణాలతో శుద్ధి చేసి పంపాలన్న షరతుతో, మళ్ళీ అక్కడికి అనుమతి దొరికింది. గోంగూరను చాలామంది తెలుగువారు వేసవిలో పెరట్లో వేసుకుంటారు, కానీ చలి ప్రాంతాల్లో మంచు మొదలవగానే మొక్క చచ్చిపోతుంది. వాడు కలవరించే టమాటా పప్పులోని టమాటా, పచ్చిమిర్చి, పల్లీల చట్నీలోని పల్లీలు అమెరికా ఖండాల నుంచే మనకు వచ్చాయన్నది కూడా వాడికి రాశాను. పోర్చుగీసువారు మిరపను తేకముందు మన పెద్దలు కారానికి మిరియాలు వాడుకునేవారు.

ఈ బెంగ మనవారికే ఉన్నదనుకోకండి. నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ అనే వారి పండుగ నాడు మన దేశంలో ఉన్న అమెరికావారు టర్కీ కోడి కోసం, క్రాన్‌బెర్రీలనే తాజా పుల్లని ఎర్రపండ్ల కోసం, ‘గుమ్మడి పై’ అనే తీపి వంటకం చేసుకోవడానికి డబ్బాలో వచ్చే గుమ్మడి గుజ్జు కోసం దుకాణాలన్నీ గాలిస్తారు. తీయగుమ్మడికాయ మన సంతలో ఎంత కావాలంటే అంత దొరుకుతుంది, అయినా చిన్ననాడు అమ్మ చేసిన రుచి దానితో రాదని వారి బాధ. అన్నయ్యను వాళ్ళ ప్రొఫెసరు గారు ఈసారి పండుగ భోజనానికి పిలిచారట. వెళ్ళమనీ, ఆ ఇంటి పెద్దావిడను వంటల సంగతి అడగమనీ వాడికి రాశాను. మీరు ఆదివారం ఫోను చేసినప్పుడు, ఏం తిన్నావని అడిగి ఊరుకోక, దానిని ఎవరు వండారో, ఎలా వండారో కూడా అడిగి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య