ఆవకాయ జాడీ లాంటి ఉత్తరాలు

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. "ఫ్రాన్స్ రాజుగారి కొలువులో దొరసానులు పొద్దస్తమానం ఏం చేసేవారు తాతయ్యా?" అని మొన్న ఫోనులో అడిగారు. పెద్ద గౌన్లు వేసుకుని కూర్చునేవారని చెప్పి తప్పించుకున్నాను. తరవాత మనసొప్పలేదు. అందరి సంగతీ ఎందుకుగానీ, ఒకావిడ గురించి చెబుతాను. పేరు మదాం ద సెవిన్యే.

1626లో పారిస్‌లో పుట్టింది. ఎనిమిదేళ్లు నిండకముందే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. పాతికేళ్లకు భర్త కత్తియుద్ధంలో పోయాడు. మిగిలింది ఇద్దరు పిల్లలు. కూతురంటే ప్రాణం. అల్లుడికి దూరాన ప్రోవాన్స్‌లో పెద్ద ఉద్యోగం. 1671 ఫిబ్రవరిలో ఆ పిల్ల అక్కడికి వెళ్లిపోయింది. తల్లి కలం పట్టుకుంది.

ఆ ఉత్తరాలు అచ్చం మీ బామ్మ మీ అత్తయ్యకు పంపే ఆవకాయ జాడీలే. ముక్కలేమో కొలువు కబుర్లు: ఎవరికి పదవి వచ్చింది, రాజు ఎవరిమీద అలిగాడు. ఆవపిండి ఘాటు ఆమె వెటకారం. పైన తేలే నూనె కూతురి మీద బెంగ. అది తగ్గితే బూజు పడుతుంది. వాసెన కట్టిన గుడ్డ లక్కముద్ర అనుకోండి. ఉప్పు దేనికి సరిపోతుందో తోచడం లేదు, వదిలేద్దాం.

1689లో సాన్ సీర్ బడి ఆడపిల్లలు రాసీన్ రాసిన 'ఎస్తేర్' నాటకం ఆడారు. చూడటానికి పిలుపు రావడమే గొప్ప. నాటకం అయ్యాక రాజు పద్నాలుగో లూయీ అరవై మూడేళ్ల ఈవిడ దగ్గరికి వచ్చి, మీకు నచ్చిందట కదా అని పలకరించాడు. అంతే, చుట్టూ ఉన్నవాళ్ల కళ్లు కుట్టాయి. ఆయన అన్నదీ, తాను బదులు చెప్పిందీ పొల్లుపోకుండా కూతురికి రాసింది. ఒకరి మెప్పు కోసం మెడలు చాచి నిలబడే బతుకు నాకు నచ్చదు, మీకూ వద్దు. మెప్పు దానంతట అదే వస్తే మాత్రం పరుగున వెళ్లి అమ్మకు చెప్పుకోండి.

నా పదేళ్లప్పుడు మా ఎదురింటి అవ్వకు చదువు రాదు. కూతురు ఖరగ్‌పూర్‌లో ఉండేది. ఇన్‌లాండ్ కవరు తెచ్చి నాచేత రాయించేది. గేదె ఈనిందనీ, జామచెట్టు విరగకాసిందనీ అన్నీ అయ్యాక, "ఇంకా చోటుందా నాయనా?" అనేది. అంచుల వెంట, అతికించే మడత మీద కూడా ఇరికించేవాణ్ణి. ఒకరోజు మాత్రం "లేదు అవ్వా" అని అబద్ధం చెప్పి గోళీలాటకు పరుగెత్తాను. ఆ ఖాళీ అంగుళంలోకి ఆవిడ ఏ మాట దాచుకుందో!

సెవిన్యే రాసినవి 1,100కు పైగా దక్కాయి. 1696లో గ్రిన్యాన్‌లో, కూతురు కాపురమున్న కోటలోనే కన్నుమూసింది. కూతురి జవాబులు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. వచ్చిన జాడీని ఎవరూ ఖాళీగా తిప్పి పంపరు కదా, ఆ పిల్ల అందులో ఏం పెట్టి పంపేదో.

అటక మీద నా రేకుపెట్టె ఉంది. నాన్న చేత దింపించండి. అందులో నీలం కవర్లు మా అమ్మ నాకు రాసినవి. మడతలు మెల్లగా విప్పండి, చిరుగుతాయి. ముందు అంచులు చదవండి.

మీ తాతయ్య