షుగర్ వచ్చిందని మనిషిని కూర్చోబెట్టకండి

"నాన్నకి షుగర్ అని తెలిసినప్పటి నుంచి ఏ పనీ చెప్పట్లేదు డాక్టర్ గారూ, పూర్తిగా రెస్టే." మా ఓపీలో తరచుగా వినే మాట. ప్రేమతోనే అంటారు. చేతిలోని రిపోర్టులో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) మాత్రం పోయినసారి కంటే పెరిగి ఉంటుంది.

అపోహ: నీరసంగా ఉంటే రెస్ట్ తీసుకోవాలి.

వాస్తవం: ఎక్కువమందికి ఉండే టైప్ 2 షుగర్‌లో ఆ రెస్టే నీరసాన్ని పెంచుతుంది. ఇన్సులిన్ ఎక్కించి కొలిస్తే, రక్తంలోంచి వెళ్లే గ్లూకోజ్‌లో దాదాపు 80 శాతం కండరాలే తీసుకుంటాయి. ఇన్సులిన్ సంకేతం అందగానే గ్లట్4 అనే ప్రోటీన్ కండర కణం పైపొరకు వచ్చి గ్లూకోజ్‌ను లోపలికి పంపుతుంది. ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఉంటే ఆ సంకేతం సరిగ్గా అందదు. అయితే కండరం పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్‌తో సంబంధం లేకుండానే గ్లట్4 పైకి వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలోనూ ఈ దారి చాలావరకు తెరిచే ఉంటుంది. మనిషిని సోఫాలో కూర్చోబెట్టి దాన్ని మనమే మూసేస్తున్నాం!

ఒక అధ్యయనంలో ఏ జబ్బూ లేని కుర్రాళ్లు రోజుకు 10,000 అడుగుల నుంచి 1,500 లోపుకు తగ్గి రెండు వారాలున్నా, వాళ్ల ఇన్సులిన్ పనితనం తగ్గింది. కాళ్లలో కండ కూడా తగ్గింది. ఇక అరవై దాటినవాళ్ల సంగతి చెప్పాలా?

మా ఇంట్లోనూ ఈ గొడవ జరిగింది. ఎర్రగడ్డ రైతుబజార్‌కి వెళ్లే సంచీ నాన్న చేతిలోంచి అన్నయ్య లాక్కున్నాడు, కూరగాయలు యాప్‌లో వస్తాయిగా అని. నేను పోట్లాడి తిరిగి ఇప్పించాను. లేత బెండకాయలు తనలా ఇంకెవరూ ఏరలేరని నాన్నకి గట్టి నమ్మకం. యాప్‌లో వచ్చినవి చూశాక మేమూ ఒప్పుకున్నాం.

"పొద్దున కేబీఆర్ పార్కులో గంట నడిచాను, ఇక చాలు" అంటారు ఐటీ వాళ్లు. నడక మంచిదే, తర్వాత గచ్చిబౌలిలో పది గంటలు కుర్చీకి అతుక్కుపోతేనే సమస్య. అరగంటకోసారి లేచి రెండు నిమిషాలైనా తిరగండి. వ్యాయామం ప్రభావం ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గిపోతుంది కాబట్టి వరసగా రెండు రోజులు మానకండి. కండరాలకు బలాన్నిచ్చే బరువుల వ్యాయామం కుర్రాళ్లకే అన్నది కూడా తప్పు. వారానికి రెండు మూడుసార్లు కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టొచ్చు. కాకరకాయ రసం తాగితే నడక అక్కర్లేదన్న వాట్సాప్ ఫార్వర్డ్‌ని దయచేసి నాకు పంపకండి.

నడుస్తుంటే కళ్లు తిరుగుతాయేమో అన్న భయం మాత్రం అర్థం చేసుకోదగ్గదే. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి మందులు వాడేవాళ్లకి షుగర్ పడిపోవచ్చు. జేబులో గ్లూకోజ్ పెట్టుకోండి, డోసు గురించి మీ డాక్టర్‌ని అడగండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి ఆ భయం చాలా తక్కువ. కాలికి మానని పుండు, రెటీనాలో (కంటి లోపలి పొరలో) రక్తస్రావం, నడిస్తే ఛాతీ పట్టేసినట్టు ఉండటం, వీటిలో ఏదున్నా వ్యాయామం మొదలుపెట్టే ముందే డాక్టర్‌కి చూపించుకోండి.