కర్ణపిశాచీ కాదు, బాడీ లాంగ్వేజూ కాదు: మైండ్ రీడింగ్ గురించి మా వైపు అపోహలు - వాస్తవాలు

నేను చేసేది మెంటలిజం. స్టేజీ, రంగు లైట్లు, అమ్మాయిని పెట్టెలో పెట్టి కోసే సరంజామా ఇవేవీ ఉండవు. టీ గ్లాసు, పది రూపాయల బిళ్ళ, బస్సు టికెట్టు, శుభలేఖ, తాళంచెవి, ఎదురుగా ఏది దొరికితే దాంతో, అవతలివాళ్ళు మనసులో అనుకున్నది చెప్పేసినట్టు అనిపించేలా చెయ్యడం నా పని. విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం, పలాస, ఈ వైపు ఎక్కడికెళ్ళినా అవే ప్రశ్నలు, అవే అనుమానాలు. అందుకే ఒకసారి కూర్చుని రాసి పడేస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, తోటి కళాకారుల పొట్ట కొట్టే రహస్యాలు ఇక్కడ ఉండవు. పాత లెక్కల పుస్తకాల్లోనూ సైన్సు పుస్తకాల్లోనూ ఎప్పటినుంచో ఉన్నవే ఉంటాయి.

అపోహ: కర్ణపిశాచి ఉపాసన చేసి ఉంటాడు

"ఏటి బాబూ, ఏ ఉపాసన సేసినావు?" అని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మరీ అడుగుతారు. పిశాచి చెవిలో చెబితే నేను పైకి చెబుతున్నానని వాళ్ళ లెక్క. కోప్పడాల్సిందేమీ లేదు, ఆ నమ్మకం నాకంటే చాలా పాతది.

వాస్తవం ఏమిటో 1963లోనే ఒకాయన తేల్చేశాడు. కేరళలో పుట్టి శ్రీలంకలో స్థిరపడిన అబ్రహాం కోవూర్. మోసానికి వీల్లేని పరిస్థితుల్లో అతీంద్రియ శక్తి చూపించినవాళ్ళకి లక్ష రూపాయలు ఇస్తానని ప్రకటించాడు. ఆయన ఇచ్చిన జాబితాలో ఒకటి, సీలు వేసిన కవర్లో ఉన్న నోటు సీరియల్ నంబర్ చదవడం. ఆయన 1978లో పోయేదాకా ఆ లక్ష ఎవరికీ దక్కలేదు. తర్వాత మన దేశంలో హేతువాది ప్రేమానంద్, అమెరికాలో మెజీషియన్ జేమ్స్ రాండీ అలాంటి సవాళ్ళే విసిరారు. రాండీ పది లక్షల డాలర్ల దాకా వెళ్ళాడు, 2015లో ఆ సవాల్ మూసేసేదాకా ఒక్కరూ గెలవలేదు.

మరి నేను నోటు నంబర్ చెబుతాను కదా? చెబుతాను, కోవూర్ షరతుల్లో మాత్రం చెప్పలేను. నోటు ఎవరిది, కవరు ఎవరిది, మూసేముందు ఎవరి చేతుల్లో తిరిగింది, ఈ మూడూ మీ చేతిలో ఉంటే నా దగ్గర ఏమీ మిగలదు. మన నోటు మీద ముందు అక్షరాలూ అంకెలూ కలిపి మూడు ఉండే ముక్క, తర్వాత ఆరంకెలు ఉంటాయి, కొత్త నోట్లలో ఆ ఆరంకెల సైజు ఎడమ నుంచి కుడికి పెరుగుతూ పోతుంది, అంటే చివరి అంకెలే అన్నిటికంటే పెద్దవి. ఎక్కడ చూస్తే పని అయిపోతుందో మీరే ఆలోచించుకోండి. కానీ ఇప్పుడు ఆ కష్టం కూడా లేదు, ఫోన్‌పే వచ్చాక టీ కొట్టు దగ్గర నోటు అడిగితే జేబులు తడుముకుని "నీ దగ్గరే ఉంటే తియ్యి మావా" అంటున్నారు. నాకు అంతకంటే ఏం కావాలి!

అపోహ: శక్తులేమీ లేవు, అంతా సైకాలజీ, మొహం చూసి చెప్పేస్తారు

ఇది చదువుకున్నవాళ్ళ కర్ణపిశాచి. దీన్ని పెంచి పోషించింది మేమే, ఇంకెవరో కాదు. దేవుడి పేరు చెబితే నమ్మని రోజులొచ్చాయి కాబట్టి సైకాలజీ పేరు చెబుతున్నాం. "మీ కనురెప్ప కొట్టుకున్న తీరుని బట్టి తెలిసింది" అని నేను అన్నానంటే, చాలాసార్లు అది కూడా షోలో భాగమే. అసలు పని అప్పటికి ఎప్పుడో అయిపోయి ఉంటుంది, ఏ చీటీ మడత దగ్గరో, ఏ లెక్క దగ్గరో.

కళ్ళు కుడివైపు పైకి తిరిగితే అబద్ధం, ఎడమవైపు తిరిగితే నిజం అని ట్రైనింగ్ క్లాసుల్లో చెబుతుంటారు కదా, 2012లో రిచర్డ్ వైజ్‌మన్ అనే సైకాలజిస్టు, మరికొందరు కలిసి దాన్ని పరీక్షించి చూశారు. ఆధారమేమీ దొరకలేదు. ఆ వైజ్‌మన్ ఒకప్పుడు మెజీషియన్ కూడా, అది వేరే సంగతి.

అయితే శరీరం అసలేమీ చెప్పదా అంటే, చెబుతుంది, కానీ మీరనుకున్న చోట కాదు. ఒక బిళ్ళ ఇచ్చి, నేను అటు తిరిగి ఉండగా ఏదో ఒక చేతిలో దాచమంటాను. "బిళ్ళ ఉన్న పిడికిలి నుదుటికి ఆనించి, బొమ్మా బొరుసుల్లో ఏది పైన ఉందో గట్టిగా అనుకోండి" అని ఓ అర నిమిషం కబుర్లు చెబుతాను. తర్వాత రెండు పిడికిళ్ళూ ముందుకు చాపమని ఇటు తిరుగుతాను. అంతసేపు పైకెత్తి ఉంచిన చేతిలోంచి నెత్తురు కిందికి దిగుతుంది కాబట్టి ఆ చేతి వెనక నరాలు కాస్త అణిగి ఉంటాయి, కణుపుల దగ్గర రంగు తగ్గుతుంది. వెంటనే చూడాలి, రెండు మూడు క్షణాలు ఆగితే రెండూ ఒకేలా అయిపోతాయి. ఇందులో మనసు ఎక్కడుంది? బొమ్మా బొరుసా అన్నది ఊరికే చెయ్యి పైకి ఎత్తించడానికి.

చేతులు చూడ్డం కుదరకపోతే లెక్క ఉంది. ఒక చేతిలో పది, ఇంకో చేతిలో అయిదు రూపాయల బిళ్ళ పెట్టుకోమనండి. కుడిచేతిలో ఉన్నదాన్ని 3తో, ఎడమచేతిలో ఉన్నదాన్ని 2తో గుణించి రెండూ కలపాలి. మొత్తం ఎంతో చెప్పక్కర్లేదు, సరి సంఖ్యా బేసి సంఖ్యా చెబితే చాలు. సరి అంటే పది కుడిచేతిలో ఉంది (30, 10 కలిపి 40), బేసి అంటే అయిదు (15, 20 కలిపి 35). దేన్నైనా రెండుతో గుణిస్తే సరే వస్తుంది, కాబట్టి తేల్చేది కుడిచెయ్యే. ఆరో క్లాసు పిల్లలు కూడా కనిపెట్టేస్తారు, అందుకే ఒకే మనిషి దగ్గర రెండోసారి చెయ్యకూడదు.

ఇక "50 లోపు రెండంకెల సంఖ్య, రెండూ బేసి అంకెలే, రెండూ వేర్వేరు" అని అడిగి 37 చెప్పేది రీల్స్‌లో తెగ తిరుగుతోంది. ఆ షరతులకి సరిపోయేవి మొత్తం ఎనిమిదే: 13, 15, 17, 19, 31, 35, 37, 39. పైగా "15 లాగా అన్నమాట, 11 లాగా ఒకటే అంకె వద్దు" అని ఉదాహరణ చెప్పేసరికి 15 కూడా ఎవరూ అనుకోరు. మిగిలినవాటిలో చాలామంది 37 దగ్గరికే చేరతారు. చేరనివాళ్ళూ ఉంటారు. అందుకే నాకు ఇది పెద్దగా ఇష్టం లేదు, వరసగా పదిమందికి చేస్తే తప్పడం ఖాయం. రీల్స్‌లో తప్పినవి కత్తిరించేస్తారు, టీ కొట్టు దగ్గర కత్తెర ఉండదు కదా.

అపోహ: చెయ్యి పట్టుకుంటే ఆలోచన కరెంటులా పాకి వస్తుంది

కరెంటేమీ కాదు గానీ, చేతిలోంచి ఏదో వస్తుందన్న మాట మాత్రం నిజమే. నాకు అన్నిటికంటే ఇష్టమైన అంశం ఇదే.

పెళ్ళి హాల్లో బండి తాళం దాచమంటాను. నన్ను బయటికి పంపేస్తారు. లోపలికి వచ్చాక, ఎక్కడ దాచారో తెలిసినవాళ్ళు ఒకరు నా మణికట్టు పట్టుకోవాలి, మాట్లాడకూడదు, మనసులో మాత్రం "కుడికి, ఎడమకి, ఆగు" అని అనుకుంటూ ఉండాలి. నేను చిన్న అడుగు వేస్తాను. దారి తప్పయితే పట్టుకున్న చెయ్యి తెలియకుండానే కాస్త బిగుస్తుంది, సరైన వైపు తిరిగితే తేలికవుతుంది. బిగువు ఎటు తగ్గితే అటు పోవడమే. దగ్గరికొచ్చాక వాళ్ళ అడుగు నెమ్మదిస్తుంది, చోటు దాటితే చెయ్యి వెనక్కి లాగుతుంది. అక్కడ ఆగి నా చేతిని కుర్చీ మీదా, పూలదండ మీదా, పెళ్ళికొడుకు తాతగారి కండువా మీదా నెమ్మదిగా తిప్పుతూ పోతే, ఒకచోట అన్ని వైపుల నుంచీ బ్రేకు పడుతుంది. తాళం అక్కడే. "ఓలమ్మో, కండువా మడతలో ఎట్టినా సెప్పేసినాడే!" అని ఆడవాళ్ళు నోరు నొక్కుకుంటుంటే, నా మణికట్టు పట్టుకున్న మనిషి ఒట్టేసి చెబుతాడు, తను ఒక్క ఇసుమంత కూడా కదల్చలేదని. అబద్ధం కాదు, కదిల్చినట్టు ఆయనకే తెలియదు.

అనుకున్నది కండరాల్లోకి తెలియకుండా దిగిపోతుందని 1852లో విలియం కార్పెంటర్ అనే ఇంగ్లండు డాక్టరు పేరు పెట్టి మరీ రాశాడు. అంతకుముందే 1833లో ఫ్రాన్సులో షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త దారానికి కట్టిన బరువు తనంతట తాను ఊగడం మీద ఇదే తేల్చాడు. ఆయన కళ్ళు మూసుకుంటే ఊగడం ఆగిపోయింది.

బోరు వెయ్యడానికి ముందు మన ఊళ్ళలో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడుస్తారు చూడండి, నీళ్ళున్న చోట కాయ నిటారుగా లేస్తుందని. ఆ నడిచే పెద్దమనిషి చాలాసార్లు మోసగాడు కాదు. కాయ లేపుతున్నది తన చెయ్యేనని ఆయనకీ తెలియదు. ఆయన కళ్ళకి గంతలు కట్టి అదే పొలంలో మళ్ళీ నడిపించి, రెండుసార్లూ ఒకేచోట కాయ లేస్తుందేమో చూడండి. బోరు ఖర్చుతో పోలిస్తే ఆ గంత ఖరీదు ఎంత?

అపోహ: అప్పటికప్పుడు చేసేదానికి ప్రిపరేషన్ ఏముంటుంది

అప్పటికప్పుడు చేసినట్టు కనిపించడానికే ఎక్కువ ప్రిపరేషన్ కావాలి. మూడంకెల సంఖ్య అనుకోమంటాను, మొదటి అంకెకీ చివరి అంకెకీ కనీసం రెండు తేడా ఉండాలి. 742 అనుకోండి. తిరగేస్తే 247. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే 495. దాన్ని మళ్ళీ తిరగేసి కలిపితే 1089. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా 1089 తప్ప ఇంకోటి రాదు. "1089!" అని అరిస్తే అది లెక్కల మాస్టారి గమ్మత్తు. అదే, ఆ ఇంట్లో ఉన్న పుస్తకం ఏదో ఒకటి ముందే తిరగేసి 108వ పేజీ తొమ్మిదో లైను చదివి పెట్టుకుని, తర్వాత "వచ్చిన దాంట్లో మొదటి మూడంకెలు పేజీ, చివరిది లైను" అంటే కథ మారిపోతుంది. పైగా 108 అనేసరికి అష్టోత్తరం గుర్తొచ్చి పెద్దవాళ్ళు చేతులు జోడిస్తారు, అది నేను అడక్కుండానే కలిసొచ్చే లాభం. ఫోన్లో కాలిక్యులేటర్ మాత్రం తప్పనిసరి, కాగితం మీద తీసివేతలు చాలామంది ఎప్పుడో మర్చిపోయారు.

అపోహ: జనంలో మీ మనిషిని పెట్టుకుంటారు

టీ కొట్టు దగ్గర అందరూ ఒకరికొకరు బావలో, మావలో అయి ఉంటారు. కొత్తమొహం ఒక్కటి ఉన్నా పట్టేస్తారు. అక్కడ ఆ కొత్తమొహం నేనే.

అపోహ: చదువు లేనివాళ్ళని బోల్తా కొట్టించడం తేలిక

పూర్తిగా తిరగేసి చదువుకోండి. ఇంజనీర్లు, లెక్చరర్లు హాయి. నేను చెప్పిన వరస ప్రకారం శ్రద్ధగా ఫాలో అవుతారు, చూడమన్న వైపే చూస్తారు, తర్వాత ఏ చిప్పో కెమెరానో ఉందని పెద్ద పెద్ద కారణాలు వెతుక్కుంటారు. కష్టమంతా ఎనిమిదేళ్ళ గుంటలతో. వాళ్ళు చూడమన్న వైపు చూడరు, నా రెండో చేతిలో ఏముందని అడుగుతారు. వాళ్ళ తర్వాత పేకాటరాయుళ్ళు, మొహం వైపు చూడనే చూడరు, చూపంతా వేళ్ళ మీదే.

అపోహ: నేను కళ్ళారా చూశాను, అతను చీటీ ముట్టుకోనే లేదు

ముట్టుకున్నాను. మనసులో అనుకున్నది మీరు రాసిన చీటీని మీ చేతిలోంచి తీసుకుని, మడిచి, చింపి మరీ మీకిచ్చాను. చింపాల్సిన పనేమిటని ఆ క్షణంలో ఎవరూ అడగరు, ఇంటికెళ్ళి చెప్పేటప్పుడు ఆ ముక్కే ఎగిరిపోతుంది. మర్నాటికి "దూరం నుంచే చెప్పేశాడు", వారానికి "ఫోన్లోనే చెప్పేశాడంట". నా పేరు పెంచింది నా చేతులకంటే మీ జ్ఞాపకాలే, కాబట్టి ఫిర్యాదేమీ లేదు.

అపోహ: సోది, చిలక జోస్యం, నువ్వు చేసేది, అన్నీ ఒకటే

పనిముట్లు కొన్ని ఒకటే. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికా సైకాలజీ ప్రొఫెసర్ తన స్టూడెంట్లకి "ఇది నీ వ్యక్తిత్వం" అని ఒక్కో కాగితం ఇచ్చాడు, ఎంత సరిపోయిందో అయిదుకి మార్కులు వెయ్యమంటే సగటు 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం! "నలుగురికీ చేస్తావు గానీ నీకెవరూ చెయ్యరు", "చేతికొచ్చిన డబ్బు నిలవదు" అన్నవి ఎవరికి సరిపోవు? మన శ్రీకాకుళం జిల్లాలో అయితే ఇంకా సులువు, ఉద్దానం వైపు ఓ తల్లిని చూసి "నీ రక్తం పంచుకున్నవాడు దూరదేశంలో ఉన్నాడు" అంటే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. పనికోసం హైదరాబాదో చెన్నైయో గల్ఫో వెళ్ళనివాళ్ళు లేని ఇల్లు ఆ వైపు తక్కువ.

తేడా ఏమిటంటే నేను ఆట అయిపోయాక ఇది ఆటే అని చెప్పేస్తాను. చెప్పినా వినరు కొందరు. కవిటి, సోంపేట వైపు ప్రోగ్రాం అయ్యాక కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు పట్టుకుని పక్కకి పిలుస్తారు, "ఇది తగ్గుతాదా బాబూ, సూసి సెప్పు" అని. అక్కడ మాత్రం జోకులుండవు. నాకు కనిపించేదేమీ లేదమ్మా, పలాసలో కిడ్నీ ఆస్పత్రి ఉంది, డాక్టరు ఇచ్చిన మందు మానొద్దు, అంతే చెబుతాను. తాయెత్తుతో, మంత్రంతో ఫలానా రోగాలు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. బస్టాండు గోడల మీద ఆ పోస్టర్లు మాత్రం ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

అపోహ: గుట్టు తెలిస్తే ఇంక పనిచెయ్యదు

37 పనిచెయ్యదు, 1089 పనిచెయ్యదు. తాళం వెతకడం మాత్రం పనిచేస్తుంది. "మీ చెయ్యే నాకు చెబుతుంది, చెప్పకుండా ఆపుకోండి చూద్దాం" అని ముందే చెప్పి మరీ చేస్తాను. ఆపుకోవాలని బిగుసుకుంటే ఆ బిగువే దారి చూపిస్తుంది. 1998లో డానియల్ వెగ్నర్ బృందం దారానికి కట్టిన బరువుతో ఇదే పరీక్షించింది, ఫలానా వైపు ఊగనివ్వకూడదు అని గట్టిగా అనుకున్నవాళ్ళ చేతిలో, ముఖ్యంగా మనసుకి ఇంకో పని కూడా పెట్టినప్పుడు, అది సరిగ్గా ఆ వైపే ఊగింది. ఇంట్లో చూడాలంటే జానెడు దారం, ఒక తాళంచెవి చాలు. మోచెయ్యి బల్ల మీద ఆనించకండి, పక్కలకి ఊగొద్దు అని అనుకుంటూ వంద నుంచి మూడేసి చొప్పున వెనక్కి లెక్కపెట్టండి. ఎటు ఊగిందో కామెంట్లో పెట్టండి, ఊగలేదన్నవాళ్ళు వీడియోతో సహా.