ధర్మాసుపత్రి ధర్మం కాదు: ప్రభుత్వ వైద్యంపై కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇరవై ఆరేళ్లు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేశాను. మొదట ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో, తరువాత ఏరియా ఆసుపత్రిలో, చివరి ఏడేళ్లు జిల్లా ఆసుపత్రి మెడిసిన్ విభాగంలో. ఆంధ్రప్రదేశ్‌లో 10 కొత్త వైద్య కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నిర్మించి నడపాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించినప్పటి నుంచి, వైద్యం ఎవరి చేతిలో ఉండాలన్న వాదన ఇళ్లలోనూ టీ కొట్ల దగ్గరా కూడా వినిపిస్తోంది. ఆ వాదనలో రెండు పక్షాల వారూ నిజమని నమ్ముతున్న కొన్ని మాటలు వార్డులో నేను చూసినదానితో పొసగవు. వాటి గురించే ఇక్కడ రాస్తున్నాను. నా పక్షపాతం ముందే చెప్పడం న్యాయం: ప్రభుత్వాసుపత్రి బలంగా ఉండాలని కోరుకునేవారిలో నేనొకడిని, అందుకే దాని లోపాలను దాచను.

అపోహ: ప్రభుత్వాసుపత్రిలో వైద్యం ఉచితం, అది ప్రభుత్వం పేదలకు చేసే ధర్మం.

వాస్తవం: పాతతరం వారు ప్రభుత్వాసుపత్రిని ధర్మాసుపత్రి అనేవారు. ఆ మాట వాడుకలో తగ్గినా దాని వెనుక ఉన్న భావన పోలేదు. ఓపీ చీటీ పట్టుకుని నిలబడ్డ మనిషి గట్టిగా ప్రశ్న అడగడానికి జంకుతాడు, ఊరికే చూస్తున్నారు కదా అని సర్దుకుంటాడు. నిజానికి సబ్బు కొన్నా, ఫోన్ రీచార్జ్ చేయించుకున్నా ప్రతి కుటుంబమూ పన్ను కడుతూనే ఉంది, ఆ డబ్బుతోనే ఆసుపత్రి నడుస్తోంది. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం ప్రభుత్వ ప్రాథమిక విధుల్లో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణంలో చెప్పింది. కోల్‌కతా ప్రాంతంలో రైలు నుంచి పడి తలకు గాయమైన ఒక వ్యవసాయ కూలీని పడకలు లేవని, పరికరాలు లేవని ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి తిప్పి పంపిన కేసులో సుప్రీంకోర్టు 1996లో తీర్పునిస్తూ, అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కును ఉల్లంఘించడమేనని, నిధుల కొరత దానికి సాకు కాదని తేల్చి చెప్పింది.

అయితే మనం కట్టే పన్నులో వైద్యానికి దక్కుతున్నది తక్కువ. 2025 నాటికి ప్రభుత్వాల ఆరోగ్య వ్యయం జీడీపీలో 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం లక్ష్యం పెట్టుకుంది; 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం అది 1.84 శాతం. దేశంలో వైద్యం మీద ఖర్చయ్యే మొత్తంలో జనం నేరుగా జేబులోంచి పెట్టుకుంటున్న వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. తగ్గడం మంచిదే. కానీ వంద రూపాయల వైద్యంలో దాదాపు నలభై రూపాయలు ఇప్పటికీ రోగి ఇంటివాళ్లే వెతుక్కోవాల్సి వస్తోందంటే, పుస్తెలు తాకట్టు పెట్టి మందులు కొన్న కుటుంబాలను చూసిన నాకు ఆ అంకె చిన్నదిగా కనిపించదు.

అపోహ: వైద్యాన్ని ప్రభుత్వమైనా నడపాలి, ప్రైవేటుకైనా వదిలేయాలి; మధ్యేమార్గం లేదు.

వాస్తవం: ఇక్కడ మూడు ప్రశ్నలు కలగాపులగమవుతున్నాయి. డబ్బు ఎవరు కడుతున్నారు, వైద్యం ఎవరు చేస్తున్నారు, లెక్క ఎవరు అడుగుతున్నారు అన్నవి వేరువేరు సంగతులు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సును చాలామంది ప్రభుత్వ వాహనమే అనుకుంటారు. ఖర్చు భరించేది ప్రభుత్వం, ఒప్పందం మీద నడిపేది ప్రైవేటు సంస్థ. కెనడాలో వైద్యుడి బిల్లు కట్టేది ప్రభుత్వ బీమా అయినా ఎక్కువ మంది వైద్యులు సొంతంగా ప్రాక్టీసు చేసుకునేవారే. బ్రిటన్‌లో 1948 జులై 5న మొదలైన జాతీయ ఆరోగ్య సేవలో సైతం వీధి చివర ఉండే కుటుంబ వైద్యులు చాలావరకు కాంట్రాక్టు మీద పనిచేసేవారే. అమెరికాలో 65 ఏళ్లు దాటినవారికి 1965లో తెచ్చిన మెడికేర్ ప్రభుత్వ కార్యక్రమమే. కాబట్టి ఒక ఆసుపత్రిని ప్రైవేటు సంస్థకు ఇస్తున్నారంటే నేను ముందుగా అడిగేది మూడో ప్రశ్న: పడక ఇవ్వనన్నప్పుడు రోగి ఎవరి దగ్గరకు వెళ్లి అడగాలి, ఆ అడిగిన మాటకు జవాబు చెప్పి తీరాలని ఒప్పందంలో ఎక్కడైనా రాశారా?

అపోహ: ఆరోగ్యశ్రీ కార్డు చేతిలో ఉంటే ఇక ప్రభుత్వాసుపత్రితో పనేముంది?

వాస్తవం: చదువుకున్నవారు కూడా నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. అప్పట్లో కుటుంబానికి ఏడాదికి 2 లక్షల రూపాయల పరిమితి ఉండేది. 2023 డిసెంబరులో తెలంగాణ దాన్ని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. గుండె ఆపరేషన్ అన్న మాట వినగానే పొలం అమ్ముకోవలసిన రోజుల్ని నేను చూశాను కనుక ఈ పథకం ఎన్ని ఇళ్లను నిలబెట్టిందో నాకు తెలుసు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ కార్డు పని ఎక్కడ మొదలవుతుందో చూడండి. జబ్బు ముదిరి, ఆసుపత్రిలో చేర్చి, జాబితాలో ఉన్న చికిత్సకు, ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర ద్వారా ముందస్తు అనుమతి తెచ్చుకున్నాకనే ఎక్కువ సందర్భాల్లో కార్డు అక్కరకొస్తుంది. రోజుకొక బీపీ మాత్ర పదేళ్లపాటు వేసుకుని ఉంటే పక్షవాతం తప్పేదన్న మనిషికి ఆ పదేళ్లలో కార్డు వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఆ మాత్ర చేతికివ్వాల్సింది ఊరి ఆరోగ్య ఉపకేంద్రం (సబ్ సెంటర్)లోని నర్సు, అంటే ఏఎన్ఎం, వేసుకుంటున్నాడో లేదో కనుక్కోవాల్సింది ఊళ్లోని ఆశా కార్యకర్త.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం దీనికి కళ్లెదుట ఉన్న ఉదాహరణ. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్లలో వయసులో ఉన్న రైతులకే మూత్రపిండాలు చెడిపోతున్నాయి. ఏళ్ల తరబడి పరిశోధించినా దీనికి ఇదే కారణమని ఎవరూ తేల్చలేకపోయారు. ఈ జబ్బు మొదట్లో నొప్పి పుట్టించదు. రోగి తనంతట తాను ఆసుపత్రికి వచ్చేసరికి డయాలసిస్ దశ దగ్గరపడి ఉంటుంది, అప్పుడు కార్డు డయాలసిస్ ఖర్చు కడుతుంది. అంతకుముందే పట్టుకోవాలంటే ఎవరో ఒకరు ఊరూరా తిరిగి, ఏ బాధా లేదంటున్న మనుషుల చేత రక్తం ఇప్పించి, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడాలి. మంచినీరు పైపుల్లో రావాలి. ఏ ప్యాకేజీ ధరలోనూ ఇమడని ఈ పనులను అక్కడ ఎక్కువగా చేసింది ప్రభుత్వ సిబ్బందీ ప్రభుత్వ విభాగాలే. పలాసలో మూత్రపిండాల వ్యాధుల పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అంతకాలం అక్కడి రోగులు పెద్ద వైద్యుడి కోసం విశాఖపట్నం దాకా ప్రయాణించేవారు. అన్ని వేలమంది రోగులున్నా ఆ స్థాయి ఆసుపత్రి అక్కడ తనంతట తాను ఎందుకు వెలవలేదని అడిగితే జవాబు సులువు. ప్రైవేటు ఆసుపత్రి రోగులున్న చోట కాదు, బిల్లు కట్టగల రోగులున్న చోట లేస్తుంది. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు, వ్యాపారం నడిచే తీరే అది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో గర్భిణిని డోలీలో మోసుకొచ్చే కుటుంబానికి 25 లక్షల కార్డు ఉన్నా, దిగే దారిలో మొదట తగిలేది పీహెచ్‌సీయే.

ఇంకొక సంగతి చెప్పాలి. నేను పీహెచ్‌సీలో ఉన్నప్పుడు, వరి కోతల కాలంలో కట్లపాము కరిచిన ఒక కూలీని రాత్రి రెండు గంటలకు ఆటోలో తెచ్చారు. కనురెప్పలు అప్పటికే వాలిపోతున్నాయి. దారిలో రెండు నర్సింగ్‌హోములు గేటు దగ్గరి నుంచే పంపేశాయని చెప్పారు. మా బీరువాలో విషవిరుగుడు సీసాలున్నాయి, వాడేందుకు స్టాఫ్ నర్సు ఉంది; పది సీసాలు ఎక్కించి, ఊపిరి అందకపోతే ఆంబు బ్యాగు నొక్కడానికి మనిషిని తోడిచ్చి జిల్లా ఆసుపత్రికి పంపాం, బతికాడు. ఆ సీసాలు నెలల తరబడి ఎవరికీ అక్కరకు రాకుండా బీరువాలో ఉంటాయి, కొన్ని గడువు తీరిపోతాయి కూడా. వ్యాపార లెక్కలో అది నష్టం. కానీ ఆ రాత్రి అవి లేకపోతే ఆ మనిషి లేడు. 2020లో గాంధీ ఆసుపత్రిని మొత్తంగా కోవిడ్‌కు కేటాయించగలిగింది కూడా అది ప్రభుత్వం చేతిలో ఉన్న ఆసుపత్రి కాబట్టే.

కార్డు మీద మాత్రమే ఆధారపడితే మరొక ఇబ్బంది ఉంది. ప్రభుత్వం చెల్లించాల్సిన బకాయిలు పేరుకుపోయినప్పుడు నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులు, సేవలు ఆపేస్తామని ప్రకటించడం రెండు రాష్ట్రాల్లోనూ చూస్తున్నాం. చేసిన పనికి డబ్బు రాకపోతే వారు మాత్రం జీతాలెలా ఇస్తారు? తప్పు చెల్లింపుల దగ్గర ఉంది. ఆ రోజుల్లో రోగులందరూ వచ్చేది మా వార్డులకే, ఒక్కొక్కసారి ఒక పడక మీద ఇద్దరిని పడుకోబెట్టేవాళ్లం. మరొక మాట, ప్రభుత్వాసుపత్రిలోనూ ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్లు జరుగుతాయి, ఆ క్లెయిము సొమ్ములో కొంత ఆసుపత్రి అభివృద్ధికి వస్తుంది. ఇది చాలామంది రోగులకు తెలియదు. వార్డులో చేరినప్పుడు ఆరోగ్యమిత్ర ఎక్కడున్నారని అడగండి.

అపోహ: ప్రభుత్వాసుపత్రి మాత్రలు నాసిరకం, వేసుకున్నా పనిచేయవు.

వాస్తవం: బయటి దుకాణంలోని మాత్రకూ మా ఫార్మసీలోని మాత్రకూ వర్తించేది ఒకే చట్టం, 1940 నాటి ఔషధ చట్టం. రాష్ట్ర వైద్య సేవల, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ టెండర్ల ద్వారా కొని, నమూనాలు ప్రయోగశాలకు పంపి, ఫలితం వచ్చాక జిల్లా ఔషధ గిడ్డంగుల నుంచి మాకు విడుదల చేస్తుంది. రంగుల అట్ట, ప్రచార ఖర్చు లేకపోవడం వల్ల అది చవక, అంతే. నా బీపీకి నేను వేసుకున్నది అవే మాత్రలు. అసలు లోపం వేరేచోట ఉంది. కావాలని రాసి పంపిన (ఇండెంట్ పెట్టిన) మందు సమయానికి రాదు. మూడు నెలలకు వచ్చిన సరుకు రెండు నెలలకే అయిపోతుంది, అప్పుడు బయటికి రాయక తప్పదు. ఆ చీటీ రాసిన ప్రతిసారీ రోగి ముఖంలోకి చూడటం కష్టమయ్యేది. మందు మంచిదా కాదా అన్న అనుమానం మీద పెట్టే కోపాన్ని, మందు లేకపోవడం మీద పెడితే మాకూ మేలు జరిగేది.

అపోహ: మంచి వైద్యం ప్రైవేటులోనే దొరుకుతుంది.

వాస్తవం: వైద్యులు చాలావరకు ఒకే కళాశాలల్లో చదివినవారే, నగరంలో పేరున్న ఎందరో నిపుణులు చేయి తిరిగింది విశాఖ కేజీహెచ్‌లో, గుంటూరు పెద్దాసుపత్రిలో, ఉస్మానియాలో. కాన్పుల లెక్క ఒకటి చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగిన కాన్పుల్లో 63 శాతం సిజేరియన్లు, ప్రభుత్వాసుపత్రుల్లో 26.6 శాతం. తెలంగాణలో ప్రైవేటులో 81.5 శాతం. అయితే తెలంగాణ ప్రభుత్వాసుపత్రుల్లోనూ అది 44.5 శాతం ఉంది, దేశవ్యాప్తంగా ప్రభుత్వాసుపత్రుల సగటు 14.3 శాతం మాత్రమే. కనుక ప్రభుత్వాసుపత్రి అనగానే అనవసరపు కోత ఉండదని నేను హామీ ఇవ్వలేను. ముహూర్తాలు చూసి కోయమని అడిగే కుటుంబాలూ, నొప్పులు పడే తల్లి పక్కన రాత్రంతా కూర్చునే నర్సులు చాలకపోవడమూ రెండు చోట్లా ఉన్నాయి.

మా వైపు సిగ్గుపడవలసినవి మరికొన్ని ఉన్నాయి. కాన్పు వార్డులో బిడ్డను చూపించడానికి డబ్బులడగడం, నొప్పులతో ఉన్న తల్లిని కసురుకోవడం నేను కళ్లారా చూశాను, కొన్నిసార్లు ఆపగలిగాను, కొన్నిసార్లు ఆపలేకపోయాను. 2011 నుంచి అమలులో ఉన్న జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పుకు, మందులకు, పరీక్షలకు, రక్తానికి, భోజనానికి, ఇంటికి చేర్చే వాహనానికి ఎవరూ ఒక్క రూపాయి అడగకూడదు. అడిగితే సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, నోటిమాట ఫిర్యాదు వార్డు దాటదు.

అపోహ: ప్రభుత్వం నడిపితే క్యూ తప్పదు, బ్రిటన్‌ను చూడండి.

వాస్తవం: బ్రిటన్‌లో స్థిరపడిన మన పిల్లలు చెప్పేది అబద్ధం కాదు. రిఫర్ చేసిన రోగుల్లో 92 శాతానికి 18 వారాల్లోపు చికిత్స మొదలుకావాలన్న లక్ష్యాన్ని అక్కడి ఇంగ్లండు ఆరోగ్య సేవ 2016 తరువాత అందుకోలేదు, ఉద్యోగ వీసా మీద వెళ్లిన చాలామంది ఏడాదికి 1,035 పౌండ్ల ఆరోగ్య రుసుము ముందే కట్టి కూడా మోకాలి ఆపరేషన్‌కు నెలలు ఎదురుచూస్తున్నారు. కానీ ఆ క్యూలో నిలబడినవారు చివరికి లోపలికి వెళతారు, బయటికి వచ్చేటప్పుడు ఆసుపత్రి బిల్లు ఉండదు. డబ్బు లేక క్యూలోనే నిలబడనివారు ఏ లెక్కలోకీ రారు.

క్యూ పొడవు యాజమాన్యాన్ని బట్టి కాక, ఎందరు రోగులకు ఎందరు వైద్యులున్నారన్నదాన్ని బట్టీ, ఎవరు ఎందుకు వస్తున్నారన్నదాన్ని బట్టీ ఉంటుంది. మా ఏరియా ఆసుపత్రిలో సోమవారం ఓపీ వరండా దాటి చెట్టు కింద దాకా సాగేది. ఒక వారమంతా చీటీలు విడదీసి చూస్తే, వరుసలో ఉన్నవారిలో పెద్ద భాగం పాత బీపీ, షుగర్ రోగులే, పది రోజులకిచ్చిన మాత్రలు అయిపోయి మళ్లీ వచ్చినవారే. ఫార్మసిస్టుతో మాట్లాడి, జబ్బు అదుపులో ఉన్నవారికి ఒకేసారి నెలకు సరిపడా ఇవ్వడం మొదలుపెట్టాం, కొందరిని వారి ఊరి సబ్ సెంటర్‌కు మార్చాం. రెండు నెలలకు వరుస వరండాలోకి వచ్చింది. ఆ తరువాతి త్రైమాసికంలో మాత్రల సరఫరా తగ్గింది. మళ్లీ పది రోజులకే ఇవ్వాల్సి వచ్చింది, వరుస మళ్లీ చెట్టు కిందికి చేరింది.