విదేశీ కథ, హిందీ సినిమా: మా క్లాసులో తరచూ వినిపించే అపోహలు

హనుమకొండలో షార్ట్ ఫిల్మ్‌లు తీసే పిల్లలకు స్క్రీన్‌ప్లే నేర్పుతాను, నాటకాలకు అనుసరణలు రాస్తాను. పరాయి కథను మన దగ్గరికి తేవడం గురించి వాళ్లలో కొన్ని నమ్మకాలు గట్టిగా పాతుకుపోయాయి. హిందీ సినిమాలతోనే వాటి సంగతి చెబుతాను.

అపోహ: పేర్లు, ఊరు, వేషం మారిస్తే కథ మనదైపోతుంది.

వాస్తవం: పాత్రను నెట్టే ఒత్తిడి కూడా ఇక్కడిదే కావాలి. షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’లో భార్య మీద అనుమానానికి సాక్ష్యం ఒక చేతిరుమాలు. ఉత్తరప్రదేశ్ పల్లెలో రుమాలు పోతే ఎవరికి పట్టింది? విశాల్ భరద్వాజ్ ‘ఓంకారా’ (2006)లో దాన్ని హీరో ఇంట తరతరాలుగా వస్తున్న వడ్డాణం చేశారు. అత్తింటి నగ పరాయివాడి చేతికి చేరితే ఏమవుతుందో మన దగ్గర ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఒథెల్లోను నల్లజాతివాడని చిన్నచూపు చూస్తారు, ఓంకారాను తల్లి కులం పేరుతో. మూలంలో పెళ్లి మొదట్లోనే అయిపోతుంది. ఇక్కడ హీరోయిన్ డాలీ పెళ్లికి ముందే అతని ఇంటికి వచ్చేసింది. ఒకపక్క పెళ్లి పనులు సాగుతుంటే మరోపక్క అనుమానం ముదురుతుంది, పెళ్లి రాత్రే హత్య. ఆ ఒక్క మార్పుతో ప్రతి సీన్‌లో టెన్షన్ పెరిగింది. హిందీలో ఇంతకన్నా గొప్ప అనుసరణ నేను చూడలేదు.

అపోహ: హక్కులు కొని, మూలాన్ని పొల్లుపోకుండా తీస్తే చాలు.

వాస్తవం: ‘లాల్ సింగ్ చడ్డా’ (2022) హాలీవుడ్ సినిమా ‘ఫారెస్ట్ గంప్’కు అధికారిక రీమేక్. 1984లో సిక్కుల మీద జరిగిన అల్లర్లలో తల్లి గాజుముక్కతో సిక్కు కొడుకు జుట్టు కోసి ప్రాణం కాపాడే సీన్ మూలంలో లేదు. నన్ను కదిలించింది అదే. మూలాన్ని వెంబడించిన చోట్ల మాత్రం సినిమా తడబడింది. గంప్ వెళ్లిన వియత్నాం యుద్ధం మీద అమెరికా జనం రెండుగా చీలిపోయారు, ఆ కథకు బలం అక్కడిదే. లాల్ వెళ్లే కార్గిల్ యుద్ధం విషయంలో మనకు అలాంటి చీలిక లేదు. దాంతో గంప్ కాపాడిన లెఫ్టినెంట్ స్థానంలో శత్రు సైనికుణ్ని పెట్టారు. అతను మన ఆస్పత్రిలో కోలుకుని, హీరోతో కలిసి వ్యాపారం చేస్తాడంటే నమ్మడం కష్టమైంది.

అపోహ: తెలిసిన కథ మళ్లీ ఆడదు.

వాస్తవం: ‘ది ఇన్విజిబుల్ గెస్ట్’ అనే స్పానిష్ సినిమా నుంచి 2019లోనే హిందీలో ‘బద్లా’, తెలుగులో ‘ఎవరు’ వచ్చాయి. రెండూ ఆడాయి. రాత్రంతా కూర్చుని చిందు యక్షగానం చూసే మన జనానికి కథ ముందే తెలుసు కదా!

అపోహ: ఇవన్నీ పెద్ద బడ్జెట్ ఉన్నవాళ్లకే.

వాస్తవం: ‘లుటేరా’ (2013)కు ఆధారం ఓ. హెన్రీ చిన్న కథ ‘ది లాస్ట్ లీఫ్’. చలికాలపు గాలికి చివరి ఆకు రాలితే తానూ పోతానని నమ్మే జబ్బుపడిన అమ్మాయి కోసం ఆకు గీసేది మూలంలో కింది అంతస్తులో ఉండే ముసలి చిత్రకారుడు. సినిమాలో ఆ పని ఆమెను మోసం చేసిన దొంగ చేస్తాడు. ఈ మార్పుకు రూపాయి ఖర్చు లేదు. పురావస్తు శాఖ వాళ్లమంటూ జమీందారు ఇంట్లో దిగే దొంగలు, గుప్తనిధుల కబుర్లు వింటూ పెరిగిన ఖిలా వరంగల్ పిల్లలకు ఇట్టే అర్థమవుతారు. కానీ ఈ కథను ఇక్కడ పెట్టి రాయమంటే చాలామంది మంచును కూడా వెంట తెస్తారు. మనకు ఆకులు రాలేది మాఘ, ఫాల్గుణాల్లో. అప్పటికే ఎండ మొదలవుతుంది. మంచంపట్టిన మనిషికి ఇక్కడ భయం రాబోయే ఎండాకాలమే, అక్కడి నుంచి రాయమంటాను.

అపోహ: ఇరవై శాతం మారిస్తే కాపీ కేసు రాదు.

వాస్తవం: చట్టంలో అలాంటి లెక్క లేదు. ఆలోచనకు, ఇతివృత్తానికి కాపీరైట్ ఉండదని, వాటిని చెప్పిన తీరుకే ఉంటుందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రెండూ చూసినవాళ్లకు ఇది దాని నకలేనని స్పష్టంగా అనిపిస్తే ఇబ్బందే. మన దగ్గర రచయిత పోయాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. షేక్‌స్పియర్‌ను, 1910లో పోయిన ఓ. హెన్రీని నిశ్చింతగా తీసుకోవచ్చు. అయితే మీరు తెలుగు అనువాదం చదివి రాస్తుంటే, దానికి విడిగా హక్కు ఉంటుంది. మూలం నుంచే రాసుకోండి, లేదా ఆ అనువాదం హక్కు ఎవరిదో కనుక్కుని ముందే అనుమతి తీసుకోండి.