పీటా కేసులు: నరహరిపేట చెక్‌పోస్టు దాటితే చట్టం మారుతుందా? అపోహలు - వాస్తవాలు

చిత్తూరు కోర్టులో పద్నాలుగేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. అందులో చాలా కాలం న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయర్‌గా, అంటే ఫీజు ఇచ్చుకోలేనివాళ్ల తరఫున. మా ఊరి సంగతి తెలిసిందే. ఇటు గుడిపాల దాటితే తమిళనాడు, అటు పలమనేరు దాటి నంగలి చేరితే కర్ణాటక. మామిడికాయల లారీలు తిరిగినట్టే మనుషులూ ఈ మూడు రాష్ట్రాల మధ్య తిరుగుతుంటారు. ఆ తిరుగుడులో కొందరు ఆడవాళ్లు మా కోర్టు వరండాలో తేలతారు. వాళ్ల మీద ఉండేది పీటా కేసు.

పీటా అంటే 1956లో వచ్చిన అనైతిక వ్యాపార నిరోధక చట్టం. స్టేషన్లోనూ, బార్ రూములోనూ, పేపర్లోనూ అందరం ఆ పొట్టి పేరే వాడతాం. దీని గురించి నేను వినే మాటల్లో సగం తప్పు. చదువుకున్నవాళ్లు చెప్పేవి ఇంకొంచెం ఎక్కువ తప్పు.

అపోహ: వ్యభిచారం నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పేసింది.

ఈ గందరగోళం కొంత మన భాష తెచ్చిపెట్టిందే. పెళ్లయినవాళ్ల అక్రమ సంబంధానికీ, డబ్బు తీసుకుని చేసేదానికీ తెలుగులో వాడేది ఒకటే మాట. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసిన ఐపీసీ 497వ సెక్షన్ మొదటిదాని గురించి. దానికీ పీటాకూ సంబంధం లేదు. అయినా ఆ తర్వాత చాలా రోజులు 'అది తీసేశారు కదా మేడమ్' అంటూ ఫోన్లు వచ్చేవి.

గందరగోళానికి రెండో కారణం 2022 మే 19 నాటి ఉత్తర్వు. కోల్‌కతాలో ఒక సెక్స్ వర్కర్ హత్య కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అదే బుద్ధదేవ్ కర్మస్కర్ కేసు. హంతకుడి అప్పీలు 2011లో కొట్టేసిన కోర్టు అక్కడితో ఆగకుండా, ఈ వృత్తిలో ఉన్నవాళ్ల పరిస్థితి చూడమని ఒక ప్యానెల్ వేసింది. ఆ ప్యానెల్ పది సిఫార్సులు చేసింది. మేజర్ అయి ఇష్టంతో చేస్తుంటే పోలీసులు జోక్యం చేసుకోకూడదు, రైడ్‌లో ఆ మహిళను అరెస్టు చేయకూడదు అనేవి అందులో ఉన్నాయి. పేపర్లన్నీ వాటినే పెద్దక్షరాల్లో వేశాయి. కానీ కేంద్రం అభ్యంతరం చెప్పిన నాలుగు సిఫార్సుల్లో ఇవీ ఉన్నాయి. కోర్టు రాష్ట్రాలను వెంటనే అమలు చేయమన్నది మిగతావాటిని: లైంగిక దాడికి గురైన సెక్స్ వర్కర్‌కు అందరు బాధితులకు అందే వైద్య సాయమే అందాలి, హోముల్లో (రక్షణ గృహాల్లో) ఇష్టం లేకుండా ఉంచిన మేజర్లను గుర్తించాలి, పోలీసులు మర్యాదగా మెలగాలి, కండోమ్‌ను నేరానికి సాక్ష్యంగా చూపకూడదు, మీడియా ముఖాలు బయటపెట్టకూడదు. ఇవి చిన్నవి కావు. కానీ 'సుప్రీంకోర్టు లైసెన్స్ ఇచ్చేసింది' అనుకుని ధైర్యంగా ఉన్నవాళ్లు రిమాండ్‌కు వెళ్లడం చూశాను.

మరి చట్టంలో ఏముంది? ఒక మేజర్ మహిళ ఎవరి ప్రమేయం లేకుండా, తన గదిలో, తన కోసం చేసుకుంటే దానికి శిక్ష వేసే సెక్షన్ లేదు. అయితే ఆమె చుట్టూ ఉన్నదంతా నేరమే. ఇద్దరు ఆడవాళ్లు అద్దె కలిసొస్తుందని ఒకే గదిలో ఉన్నారనుకోండి, అది 'ఇద్దరి లాభం' కిందికి వచ్చి వ్యభిచార గృహం అయిపోతుంది. కిటికీ దగ్గర కూర్చుని సైగ చేస్తే 8వ సెక్షన్, ఆరు నెలల దాకా జైలు. అదే పని మగవాడు చేస్తే ఏడు రోజుల నుంచి మూడు నెలలు. ఇదేం లెక్కో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇక 4వ సెక్షన్. ఆమె సంపాదన మీద బతికే, 18 ఏళ్లు నిండిన ఎవరికైనా రెండేళ్ల దాకా శిక్ష పడవచ్చు. 'ఎవరికైనా' అంటే బ్రోకర్ ఒక్కడే కాదు. డిగ్రీ చదివే కొడుకూ, మంచాన పడ్డ తల్లీ ఆ మాటలో పడతారు. నా దగ్గరకొచ్చిన ఒకామె కొడుకు కాలేజీ ఫీజు రసీదును పంచనామాలో రాశారు. ఆ రసీదు అక్కడెందుకని అడిగితే సమాధానం చెప్పినవాళ్లు లేరు.

అపోహ: తమిళనాడులో రూల్ వేరు, ఇక్కడ వేరు.

ఒకటే. పీటా కేంద్ర చట్టం. నిర్వాహకుల మీద పెట్టే పీడీ యాక్టులు, అంటే ముందస్తు నిర్బంధ చట్టాలు, మాత్రం రాష్ట్రాలవి. తమిళనాడుది 1982, కర్ణాటకది 1985, మనది 1986. మూడింట్లోనూ అనైతిక వ్యాపారం చేసేవాళ్లు ఉన్నారు, మూడింట్లోనూ ఏడాది దాకా నిర్బంధించవచ్చు. సరిహద్దు దాటితే తప్పించుకోవచ్చనేది బ్రోకర్లు నమ్మే మాట. 5వ సెక్షన్ చూస్తే ఆ నమ్మకం నిలవదు. ఉద్యోగమనో, పెళ్లనో చెప్పి ఒక అమ్మాయిని ఈ వృత్తిలోకి తీసుకెళ్లినవాడిని, తీసుకెళ్లిన ఊళ్లోనూ విచారించవచ్చు, చేర్చిన ఊళ్లోనూ విచారించవచ్చు. చిత్తూరు నుంచి వేలూరుకు తీసుకెళ్తే రెండు చోట్ల కోర్టులకూ అధికారం ఉంది. కనీస శిక్ష మూడేళ్లు, ఇష్టానికి విరుద్ధంగా అయితే ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్లు. 'మా స్టేషన్ పరిధి కాదు, అక్కడికెళ్లి చెప్పుకోండి' అని తల్లిదండ్రులను తిప్పి పంపితే అది చట్టానికి విరుద్ధం. ఎక్కడ చెప్పినా జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలని ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173లోనే ఉంది.

అపోహ: ముంబై, కోల్‌కతాలో లైసెన్స్ ఇస్తారు.

ఎక్కడా ఇవ్వరు. ముంబై కామాటిపురకూ కోల్‌కతా సోనాగచ్చికీ వర్తించేది ఈ చట్టమే. పేర్లు రిజిస్టరు చేసి, బలవంతంగా వైద్య పరీక్షలు చేసే పద్ధతి ఒకప్పుడు బ్రిటిష్‌వాళ్లు తెచ్చారు. 1868లో చట్టం చేశారు, 1888లో ఎత్తేశారు.

అపోహ: పెళ్లి కాని జంటకు రూమ్ ఇస్తే లాడ్జి మీద పీటా పెడతారు.

తిరుపతి లాడ్జి మేనేజర్లు అడిగేదిదే. ఇద్దరు మేజర్లు ఒక గదిలో ఉండడాన్ని నిషేధించే చట్టం లేదు. 2019లో కోయంబత్తూరు కేసులో మద్రాసు హైకోర్టు ఈ మాటే సూటిగా చెప్పింది. మన కోర్టులు దానికి కట్టుబడి ఉండాలని లేదు కానీ, వాదనలో పనికొస్తుంది. రూమ్ ఇవ్వాలా వద్దా అనేది మీ లాడ్జి పద్ధతి, నేరంతో పని లేదు.

నేరం ఎప్పుడవుతుందంటే, తెలిసి గదిని ఈ వ్యాపారానికి వాడుకోనిచ్చినప్పుడు. 'నాకు తెలియదు సార్' అనే మాట మొదటిసారి నిలబడవచ్చు. రైడ్‌లో దొరికిన వస్తువుల జాబితా కాపీ మీ చేతికిచ్చాకో, సోదాలో ఫలానా లాడ్జి బయటపడిందని మీ ప్రాంతంలో చదివే పేపర్లో వచ్చాకో, మీకు తెలిసినట్టే కోర్టు భావిస్తుంది. తెలియదని రుజువు చేసుకోవలసింది మీరే. పేపర్లో వార్త రావడం వల్ల రుజువు చేసే బరువు మనిషి మీదికి మారే సెక్షన్ ఇంకెక్కడైనా ఉందేమో నేనైతే చూడలేదు.

తిరుపతికి ఇంకో చిక్కుంది. గుడి, బడి, హాస్టల్, ఆసుపత్రి, వీటికి 200 మీటర్ల లోపల అయితే 7వ సెక్షన్ కింద మూడు నెలల దాకా శిక్ష. రైల్వే స్టేషన్ బయటికొస్తే గోవిందరాజస్వామి గుడి గోపురం కనిపించే ఊరు అది. గుడికి దూరమైతే హాస్టల్ ఉంటుంది, హాస్టల్ కాకపోతే నర్సింగ్ హోమ్. మ్యాపు మీద 200 మీటర్ల వృత్తాలు గీసుకుంటూ పోతే ఖాళీ జాగా మిగలడం కష్టం. కాబట్టి 'ఒంటరిగా చేసుకుంటే నేరం కాదు' అనే పై మాట తిరుపతిలో చాలా మటుకు కాగితం మీదే ఉంటుంది. హోటల్లో జరిగితే లైసెన్స్ మూడు నెలల నుంచి ఏడాది దాకా సస్పెండ్ చేయవచ్చు. మైనర్ అయితే రద్దు కూడా చేయవచ్చు.

అపోహ: విటుడికి ఏమీ కాదు.

7వ సెక్షన్ ఇద్దరికీ వర్తిస్తుంది, ఆ 200 మీటర్ల లోపల దొరికితే ఆయనకూ మూడు నెలలే. మిగతా సెక్షన్ల కింద కస్టమర్ నేరస్థుడు కాడని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రోజుల నుంచే కేసులు కొట్టేస్తూ వచ్చారు. కేరళ హైకోర్టు 2025లో వేరే దారి పట్టింది. డబ్బిచ్చేవాడు కూడా ప్రేరేపించినవాడేననీ, 5వ సెక్షన్ వర్తిస్తుందనీ చెప్పింది. ఇక ఆ అమ్మాయిని అక్రమంగా తరలించి తెచ్చారని తెలిసి కూడా వెళ్తే బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 144 కింద మూడు నుంచి ఏడేళ్లు. 18 లోపు అయితే పోక్సో, అక్కడ ఇష్టం అనే మాటే లేదు.

అపోహ: రైడ్‌కు ఏ పోలీసైనా రావచ్చు. దొరికిన ఆడవాళ్లను హోముకు పంపితే అది సాయమే.

ఇక్కడే నేను ఎక్కువ పోట్లాడాల్సి వస్తుంది. వారెంట్ లేకుండా సోదాకు రావలసింది స్పెషల్ పోలీస్ ఆఫీసర్, ఆ అధికారి ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గకూడదు. ఎందుకు వారెంట్ లేకుండా వెళ్తున్నారో ముందు రాసిపెట్టాలి. వెంట కనీసం ఇద్దరు మహిళా పోలీసులు ఉండాలి. మధ్యవర్తులుగా ఇద్దరు పెద్దమనుషులు, అందులో ఒకరు మహిళ. మా దగ్గర మధ్యవర్తులంటే వీఆర్వోలే. మహిళా మధ్యవర్తి సంతకం మర్నాడు స్టేషన్లో పెట్టించిన నివేదికలు నా చేతికొచ్చాయి. దర్యాప్తు కూడా స్పెషల్ పోలీస్ ఆఫీసరే చేయాలని ఢిల్లీ అడ్మినిస్ట్రేషన్, రామ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. అయినా చార్జిషీట్ తెరిస్తే లోపల దర్యాప్తు అంతా కింది అధికారి చేతిరాతే.

హోము సంగతి. దొరికినవాళ్లను వెంటనే మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ఆయన విచారణ జరిపించి, సంరక్షణ అవసరమని తోస్తే ఏడాది నుంచి మూడేళ్లు రక్షణ గృహంలో ఉంచవచ్చు. గమనించండి, ఆమె ముద్దాయి కాదు, బాధితురాలు. 8వ సెక్షన్ ముద్దాయికి ఆరు నెలలు, బాధితురాలికి మూడేళ్లు! ఒకామె నన్నడిగింది: 'నేనే తప్పు చేసినానని రాసేస్తే తొందరగా ఇంటికి పోతానా అక్కా?' నా దగ్గర మంచి సమాధానం లేకపోయింది. ఇప్పుడైతే ఉంది. 2020 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు ముగ్గురు యువతులను హోము నుంచి విడిచిపెడుతూ, మేజర్‌ను ఆమె ఇష్టానికి వ్యతిరేకంగా ఉంచడం కుదరదని చెప్పింది. ఆ తీర్పు కాపీ నా ఫైల్లో ఎప్పుడూ ఉంటుంది.

అలాగని హోములన్నీ జైళ్లని చెప్పను. బ్రోకర్ బయట కాచుకుని ఉన్న అమ్మాయికి అదే దిక్కు. ఆమెకు ఏం కావాలో ఆమెనే, ఎవరూ పక్కన లేకుండా అడగాలి, అంతే. రైడ్ తర్వాత హెచ్ఐవీ పరీక్ష చేయించేస్తామనడం కూడా ఆమెను అడగకుండా చేసే పనే. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆమె అనుమతి లేనిదే ఆ పరీక్ష చేయకూడదు, ఫలితం బయట పెట్టకూడదు.

అపోహ: మాతమ్మలంటే ఈ వృత్తివాళ్లే.

ఉమ్మడి చిత్తూరు జిల్లా తూర్పు మండలాల్లో, సరిహద్దుకు అవతల తిరువళ్లూరు జిల్లాలో, జబ్బు చేసిన ఆడపిల్లను మాతమ్మ దేవతకు వదిలే ఆచారం ఉంది. అలా వదిలిన అమ్మాయికి పెళ్లి చేయరు కాబట్టి ఆమెను ఎవరైనా వాడుకోవచ్చు అనుకున్నారు. వృత్తి ఆమె ఎంచుకున్నది కాదు, చాలామంది అందులో లేనే లేరు. 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రెండు రాష్ట్రాలకూ నోటీసులిచ్చింది. 1988 నాటి మన దేవదాసీ నిషేధ చట్టం ప్రకారం అలా వదలడమే నేరం, అమ్మాయి ఒప్పుకున్నా సరే. ఆమె చేసుకునే పెళ్లి పూర్తిగా చెల్లుతుంది. ఈ చివరి మాట ఎన్ని ఊళ్లలో చెప్పానో లెక్క లేదు.

అపోహ: పక్క రాష్ట్రం ఆడమనిషికి ఇక్కడ బెయిల్ రాదు.

7, 8 సెక్షన్లు బెయిలబుల్. స్టేషన్లోనే రావాలి. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో అరెస్టుకు ముందు నోటీసు సంగతి చూడాలి. పాతవాళ్లు సీఆర్‌పీసీ 41ఏ అంటారు, ఇప్పుడది బీఎన్ఎస్ఎస్ 35(3). బెయిల్ ఇచ్చాక అసలు చిక్కు మొదలవుతుంది. జామీను ఎవరు నిలబడతారు? వేలూరు నుంచి వచ్చినామెకు చిత్తూరులో తెలిసినవాళ్లు ఎవరు? తెలిసిన ఒక్కడూ బ్రోకరే. వాడే జామీనుదారులను పట్టుకొస్తాడు, వాడే ఆ డబ్బు అప్పు కింద రాసుకుంటాడు, ఆమె మళ్లీ వాడి దగ్గరికే పోతుంది. అందుకే సొంత ఊరి జామీను కోసం పట్టుబడతాను. వేరే జిల్లా మనిషని జామీను తోసిపుచ్చకూడదని 1978లోనే మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తిరుత్తణి నుంచి ఆమె అన్న పట్టా కాగితాలు తెస్తే తీసుకోవాలి. తమిళంలో ఉన్నాయంటే తర్జుమా చేయించుకోవాలి.

లాయర్‌కు డబ్బు లేకపోతే 15100కు ఫోన్ చేయండి. మహిళకు ఆదాయం ఎంతున్నా ఉచిత న్యాయ సహాయం ఉంది, అవతలి రాష్ట్రం ఆధార్ అయినా సరే. తెలుగు చదవడం రాకపోతే స్టేట్‌మెంట్ కింద సంతకం పెట్టకముందు తమిళంలో చదివి వినిపించమని అడగాలి. వకాలత్ మీద సంతకం తమిళంలో పెట్టినా చెల్లుతుంది.